కారు కడిగే ఖర్చు: వందేళ్ళ లెక్క

అమెరికాలో ఓ మోస్తరు ఊరి పెద్ద రోడ్డు మీద ఐదారు మైళ్ళు పోయి చూడండి. బ్యాంకు మూతపడ్డ చోటో, పాత రెస్టారెంటు కూలగొట్టిన చోటో పొడుగాటి షెడ్డు ఒకటి కొత్తగా లేచి ఉంటుంది. ఒక కొసన కారు లోపలికి పోతుంది. మూడు నాలుగు నిముషాల్లో రెండో కొసన తళతళలాడుతూ బయటికొస్తుంది. ముందు పెద్ద బోర్డు: నెలకు ఇంత, ఎన్నిసార్లయినా కడిగించుకోండి. దీన్నే ఎక్స్‌ప్రెస్ కార్ వాష్ అంటున్నారు. నిన్నగాక మొన్న దేశమొచ్చి మొదటి కారు కొన్న కుర్రాడి దగ్గర్నుంచి ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే ఉన్న పెద్దాయన దాకా, మనవాళ్ళ మాటల్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. ఆ నెలవారీ చందా గిట్టుబాటేనా, దండగా?

ప్రశ్న చిన్నదే. కానీ ఆ బోర్డు మీది ధర ఒక్కరోజులో పుట్టింది కాదు. వందేళ్ళలో కారుకి పట్టే మురికి మారింది, కారు మీది రంగు మారింది, కడిగే చెయ్యి మారింది. చివరికి మనం డబ్బిచ్చి కొంటున్న సరుకే మారిపోయింది. ఆ వరసంతా తెలిస్తే జవాబు దానంతటదే తేలుతుంది.

బురద రోజులు

తొలినాళ్ళ కారుకి ప్రధాన శత్రువు బురద. ఊళ్ళ బయట రోడ్లన్నీ మట్టివే. ఊళ్ళో ఇంకా గుర్రబ్బళ్ళు తిరుగుతున్నాయి కాబట్టి ఆ మట్టిలో గుర్రపు లద్దె కూడా కలిసేది. పైగా అప్పటి కార్ల మీద ఉన్నది ఇప్పటి రంగు కాదు. గుర్రబ్బళ్ళకి వేసినట్టే చేత్తో పూతలు పూతలుగా వేసిన నూనె రంగు, దాని మీద వార్నిషు. ఆరడానికి రోజులూ వారాలూ పట్టేది. బురద ఎండి దాన్ని పట్టుకుందంటే మెరుపు పోయినట్టే. కారు ఉన్నది డబ్బున్నవాళ్ళకి, వాళ్ళకి పనివాళ్ళు ఉండేవాళ్ళు. కాబట్టి కారు కడగడమంటే మొదట్లో గుర్రాన్ని తోమే పనికి కొనసాగింపే. మనిషి మారలేదు, తోమే వస్తువు మారిందంతే.

1914లో డిట్రాయిట్‌లో ‘ఆటోమొబైల్ లాండ్రీ’ అనే పేరుతో ఓ దుకాణం తెరిచారు. కార్ వాష్‌ల చరిత్ర సాధారణంగా అక్కడి నుంచే మొదలుపెడతారు. పేరులోనే ఉంది, బట్టలుతికే చోటు లాంటిదని. ఫోర్డు కంపెనీ కదిలే పట్టా మీద కార్లు తయారుచేయడం అప్పటికి కొత్త. అదే ఊళ్ళో అదే ఆలోచనని తిరగేసి ఇక్కడ కడగడానికి వాడారు. తేడా ఏమిటంటే ఇక్కడ పట్టా లేదు. మనుషులే కారుని తోసుకుంటూ పోయేవాళ్ళు. ఒకరు సబ్బు పెడతారు, ఇంకొకరు నీళ్ళు కొడతారు, మరొకరు తుడుస్తారు.

1920లలో సెయింట్ పాల్, షికాగో ఊళ్ళలో ఇంకో విచిత్రం వచ్చింది. కాంక్రీటుతో ఓ పెద్ద గుండ్రటి పళ్ళెం కట్టి, మధ్యలో లోతు ఎక్కువయ్యేట్టు నీళ్ళు నింపారు. పావలా డాలరు ఇచ్చి కారుని ఆ నీళ్ళలోకి దించి గుండ్రంగా తిప్పుకుంటూ ఉంటే అడుగునా చక్రాలకీ పట్టిన బురద నాని వదిలేది. మన ఊళ్ళలో ఎడ్లబండిని, తర్వాత ట్రాక్టరుని చెరువులోకి దింపి కడిగినట్టే. కాకపోతే ఇక్కడ చెరువు కట్టి మరీ డబ్బు పుచ్చుకున్నారు. రోడ్లకి తారు పడ్డాక ఆ పళ్ళేల అవసరం తీరిపోయింది. మురికి రకం మారితే కడిగే పద్ధతి కూడా చచ్చిపోతుందనడానికి ఇదో మంచి ఉదాహరణ.

చెయ్యి తగ్గి యంత్రం పెరిగింది

1940లో హాలీవుడ్‌లో కార్లని తాడుతో లాగే యంత్రం పెట్టారంటారు. లాగడమే యంత్రం పని, కడగడం మాత్రం మనుషులే. 1946లో డిట్రాయిట్‌లో థామస్ సింప్సన్ తయారుచేసిన ఏర్పాటులో కింద కదిలే గొలుసు, పైన నీళ్ళ జల్లు, మనుషులు నడిపే బ్రష్షులు, చివర ఆరబెట్టే పెద్ద ఫ్యాను వచ్చాయి. 1951లో సియాటిల్‌లో ఆండర్సన్ సోదరులు ముగ్గురు, ఆర్చీ, డీన్, ఎల్డన్, మనిషి చెయ్యి తగలకుండా మొత్తం యంత్రమే కడిగే పద్ధతి పెట్టారు. అదే ‘ఎలిఫెంట్ కార్ వాష్’. 1956లో బీట్రిస్ హావర్‌ఫీల్డ్ అనే ఆవిడ దానికి గులాబీ రంగు నియాన్ ఏనుగు బొమ్మ గీసింది. సియాటిల్‌లో ఉన్న తెలుగువాళ్ళలో పాతవాళ్ళు చాలామంది డెన్నీ వే మీద ఆ ఏనుగుని చూసే ఉంటారు. 2020లో ఆ చోటు మూతపడ్డాక బొమ్మ ఆ ఊరి చరిత్ర మ్యూజియానికి చేరింది.

యంత్రం వచ్చింది కదా అని మనుషులు ఒక్కసారిగా పోలేదు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు కార్ వాష్ అంటే లోపల వ్యాక్యూమ్ కొట్టేవాళ్ళు, అద్దాలు తుడిచేవాళ్ళు, చివర తువ్వాళ్ళు పట్టుకుని నిలబడే గుంపు. 1976లో మైకేల్ షుల్ట్జ్ తీసిన ‘కార్ వాష్’ సినిమా అంతా లాస్ ఏంజెలెస్‌లో ఇలాంటి ఓ చోట పనిచేసేవాళ్ళ ఒక్కరోజు కథ. ఎక్కువమంది నల్లవాళ్ళు, కొందరు లాటినోలు. చాకిరీ, వేళాకోళం, పాట. ఆ సినిమా చూస్తే అప్పట్లో ఒక కారు శుభ్రం కావడానికి ఎన్ని చేతులు పడేవో తెలుస్తుంది.

ఆ చేతులకి దక్కింది తక్కువ. కాలిఫోర్నియాలో కార్ వాష్ పనివాళ్ళకి టిప్పులు తప్ప జీతమే ఇవ్వని చోట్లు ఉండేవి. అందుకే ఆ రాష్ట్రం ఈ ఒక్క పరిశ్రమ కోసమే ప్రత్యేక చట్టం చేసుకోవలసి వచ్చింది. 2011లో శాంటా మోనికాలో ఓ కార్ వాష్ పనివాళ్ళు యూనియన్ ద్వారా జీతాల ఒప్పందం సాధించారు. మరుసటి ఏడు న్యూయార్క్‌లో కూడా కదలిక మొదలైంది. ఎక్స్‌ప్రెస్ పద్ధతి దేశమంతా పాకింది కూడా ఇంచుమించు ఈ కాలంలోనే. లోపల ఎవరూ తుడవరు, వ్యాక్యూమ్ గొట్టాలు బయట పెడతారు, మీ చెత్త మీరే పీల్చుకోండి, ఉచితం. ఇరవైమంది చేసే చోట ముగ్గురో నలుగురో సరిపోతారు. చవక అనిపించే ఆ ధరలో సగం రహస్యం ఇదే. లోపలి పని మన చేతికి వచ్చింది, బయటి పని యంత్రానికి పోయింది, మధ్యలో ఉన్న మనిషి తప్పుకున్నాడు.

భూమి కింది ఉప్పు

బురద పోయింది సరే, మరి ఈ రోజుల్లో కారుకి నిజంగా చెరుపు చేసేదేమిటి? చలి ప్రాంతాల్లో ఉప్పు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లడం అమెరికాలో 1930ల చివర మొదలై, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెద్ద రోడ్లన్నిటికీ అలవాటైంది. ఇప్పుడు ఏటా కోట్ల టన్నుల్లో చల్లుతున్నారు. దీనిలో ఓ తమాషా ఉంది. కార్ల రాజధాని డిట్రాయిట్ కింద, వెయ్యి అడుగులకి పైగా లోతున, పెద్ద ఉప్పు గని ఉంది. వందేళ్ళకి పైగా తవ్వుతున్నారు. పైన కార్లు తయారుచేసి, కింద నుంచి వాటిని తుప్పు పట్టించే ఉప్పు తీసిన ఊరు ఇంకోటి ఉండదేమో.

ఉప్పు పని ఎలా ఉంటుందంటే, తలుపుల మీద కనిపించే తెల్లటి చారలు అంత ప్రమాదం కాదు. చక్రాల వెనక, బ్రేకు గొట్టాల మీద, అడుగు చట్రం కీళ్ళలో చేరి తడి పట్టి ఉంచుతుంది. తడీ గాలీ ఉప్పూ కలిస్తే ఇనుము తినేస్తుంది. ఇంటి ముందు బకెట్టుతో కడిగితే ఆ చోట్లు తగలవు. జనవరిలో గడ్డకట్టే చలిలో బకెట్టు పట్టుకుని బయట నిలబడే ధైర్యం కూడా ఎవరికీ ఉండదు. కార్ వాష్‌లో కింద నుంచి పైకి కొట్టే నీటి జల్లు ఉంటుంది. ఓహాయో, మిషిగన్, న్యూయార్క్ లాంటి చోట్ల ఎక్స్‌ప్రెస్ కార్ వాష్‌కి ఉన్న గట్టి సమర్థన అదొక్కటే. కానీ చాలాచోట్ల ఆ అడుగు జల్లు అన్నిటికన్నా చవక ప్యాకేజీలో ఉండదు. చందా కట్టేముందు బోర్డులో ఆ వరస ఒక్కటి చూసుకోవాలి. మూడు రంగుల నురగ చూడ్డానికి బావుంటుంది. ఉప్పుకి దానితో పనిలేదు.

డాలస్‌లోనో ఫీనిక్స్‌లోనో ఉన్నవాళ్ళకి ఈ వాదన వర్తించదు. అక్కడ దుమ్ము, పురుగులు, పిట్టల రెట్టలు. పురుగులూ రెట్టా ఎండలో ఉడికితే రంగు మీద మరకలు దిగుతాయి నిజమే. అయితే వాటికి వెంటనే తడిగుడ్డ కావాలి. వారానికోసారి సొరంగంలోకి పోవడం కాదు.

గీతల సంగతి

ఇక రంగు. 1923లో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే లాకర్ రంగు తెచ్చింది. జనరల్ మోటర్స్ దాన్ని 1924 మోడల్ ఓక్‌లాండ్ కార్లకి నీలం రంగులో వేసింది. వారాల్లో ఆరే రంగు గంటల్లో ఆరడం మొదలైంది. సామాన్యుడి కారుకి కూడా రంగులొచ్చాయి. 1980ల నుంచి రంగు మీద ఇంకో పారదర్శకమైన పొర వేయడం మామూలైపోయింది. మనం మెరుపు అనుకునేది ఆ పై పొరనే. అది చాలా పల్చన, వెంట్రుక మందం కూడా ఉండదు.

కార్ వాష్‌ల మీద గీతల నింద పాతదే, మొదట్లో న్యాయమైనదే. అప్పటి బ్రష్షులు గట్టి నైలాను పోచలు. తర్వాత గుడ్డ పీలికలు వచ్చాయి, ఆ తర్వాత నీళ్ళు పీల్చని మెత్తటి ఫోము వచ్చింది. ఇప్పటివి మెత్తనే. కానీ గీత గీసేది బ్రష్షు కాదు, దానికి అంటుకున్న ఇసుక. మీ ముందు పోయిన ట్రక్కు బురదలో దొర్లి వచ్చిందనుకోండి, దాని ఇసుక కొంత మీ తలుపు మీద తిరుగుతుంది. మనిషి ఉన్న రోజుల్లో సొరంగంలోకి పోయేముందు ఒకడు గొట్టంతో గట్టిగా నీళ్ళు కొట్టి పెద్ద మురికి వదిలించేవాడు. ఎక్స్‌ప్రెస్‌లో చాలాచోట్ల ఆ మనిషి కూడా లేడు. అందుకే వారం వారం వెళ్ళే నల్లకారుని రెండేళ్ళ తర్వాత ఎండలో పక్కనుంచి చూస్తే సాలెగూడు లాంటి సన్నటి వలయాలు కనిపిస్తాయి. తెల్లకారు మీదా ఉంటాయి, కంటికి ఆనవు. లీజు కారుకి, పదేళ్ళు వాడి వదిలేసే కరోలాకి ఇది లెక్కలోకి రాదు. అపురూపంగా చూసుకునే కారుకి వస్తుంది. ఎన్నిసార్లయినా అనే మాటలో ఉన్న ఇరకాటం ఇదే. డబ్బు గిట్టించుకోవాలని ఎంత తరచుగా వెళ్తే పై పొర అంత అరుగుతుంది.

వాన ఎవరి నష్టం?

కార్ వాష్ నడిపేవాడికి పూర్వం నుంచీ ఒకటే దిగులు, వాన. వానొచ్చిన రోజు ఒక్క కారు రాదు. రేపు వానంటే ఇవాళ కూడా రాదు. ఎండ కాసిన శనివారం మాత్రం రోడ్డు దాకా వరస. జీతాలు, కరెంటు, స్థలం అద్దె రోజూ ఒకటే, రాబడి మాత్రం ఆకాశాన్ని బట్టి. రైతు లెక్కకి దీనికి పెద్ద తేడా లేదు.

నెలవారీ చందా ఈ దిగులు తీర్చింది. అద్దానికి చిన్న స్టిక్కరు అంటించడం, లేదా నంబరు ప్లేటుని కెమెరా చదవడం, గేటు దానంతటదే లేవడం, కార్డు నుంచి నెలనెలా డబ్బు పోవడం. ఇవన్నీ కుదిరాక వానొచ్చినా ఎండొచ్చినా రాబడి ఒకటే. దేశంలో పెద్ద గొలుసు సంస్థ అయిన మిస్టర్ కార్ వాష్ 2021లో షేర్ మార్కెట్‌కి వచ్చింది. దానికిప్పుడు 20 లక్షల పైచిలుకు చందాదారులు. కడగడం మీద వచ్చే ఆదాయంలో ఇంచుమించు నాలుగింట మూడొంతులు వాళ్ళ నుంచే. దీన్నే ఇలా చెప్పుకోవచ్చు: పూర్వం వాన నష్టం యజమానిది, ఇప్పుడు ఖాతాదారుది. వానాకాలం నెలంతా మీరు వెళ్ళకపోయినా డబ్బు పోతూనే ఉంటుంది.

స్థిరమైన రాబడి కనిపించగానే పెట్టుబడి వాలింది. 2017 పన్ను చట్టం కూడా చెయ్యేసింది. అమెరికా పన్ను నియమాల్లో కార్ వాష్ భవనాన్ని మామూలు భవనంలా ముప్ఫై తొమ్మిదేళ్ళ లెక్కన కాకుండా పదిహేనేళ్ళ ఆస్తిగా చూస్తారు. ఆ చట్టంతో దాని ఖర్చంతా మొదటి ఏడే రాసుకునే వీలొచ్చింది. వడ్డీలు తక్కువగా ఉన్న రోజులవి. పెద్ద ఫండ్లే కాదు, డాక్టర్లూ ఐటీవాళ్ళూ కూడా పెట్టుబడి కబుర్లలో పెట్రోలు బంకుల సరసన కార్ వాష్ పేరు చెప్పడం మొదలుపెట్టారు. ఒకే కూడలిలో మూడేసి లేచాయి. ఇక చాలు బాబోయ్ అని కొత్తవాటికి అనుమతులు ఆపిన ఊళ్ళు కూడా ఉన్నాయి. వడ్డీలు పెరిగాక పర్యవసానం కనబడింది. 2025 ఫిబ్రవరిలో జిప్స్ అనే పెద్ద గొలుసు సంస్థ అప్పులు తీర్చలేక దివాలా రక్షణ కోరింది.

మన వైపు నుంచి చూస్తే అసలు ప్రశ్న మనస్తత్వానిది. 2006లో డెల్లా విన్యా, మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు వ్యాయామశాలల మీద ఒక పరిశోధన అచ్చువేశారు. నెలకు 70 డాలర్లకి పైగా చందా కట్టేవాళ్ళు సగటున నెలకు 4.3 సార్లే వెళ్తున్నారు. అంటే ఒక్కోసారికి 17 డాలర్లకి పైగా పడింది. అదే పది సార్లకి టికెట్టు కొనుక్కుంటే ఒక్కోసారికి 10 డాలర్లే. తప్పు లెక్కలో లేదు, రేపు వెళ్తాంలే అన్న నమ్మకంలో ఉంది.

అదే ఏడు న్యూన్స్, డ్రెజ్ అనే మరో ఇద్దరు అచ్చంగా కార్ వాష్‌లోనే ఓ ప్రయోగం చేశారు. 300 మందికి కార్డులు పంచారు. సగంమందికి ఎనిమిది ముద్రలు పడితే ఒకసారి ఉచితం. మిగతా సగానికి పది ముద్రలు కావాలి, కానీ రెండు ముందే వేసి ఇచ్చారు. రెండు కార్డుల్లోనూ ఇంకా కడిగించుకోవలసింది ఎనిమిదిసార్లే. అయినా మొదటి గుంపులో 19 శాతం, రెండో గుంపులో 34 శాతం కార్డు పూర్తిచేశారు. కడిగించుకోవాలన్న కోరిక కారు మురికి నుంచే పుట్టదనీ, చేతిలో పెట్టిన కాగితం నుంచి కూడా పుడుతుందనీ అప్పుడే తేలిపోయింది. ‘మొదటి నెల డాలరే’ అన్న బోర్డు ఆ రెండు ముద్రలకి తమ్ముడు.

నీళ్ళు, మన బకెట్టు

ఇంట్లో కడుక్కుంటే పోలా అంటారు కొందరు. పైపు వదిలేసి కడిగితే నిముషానికి ఎనిమిది పది గ్యాలన్లు పోతాయి. పావుగంటలో వంద దాటుతుంది. సొరంగాల్లో చాలావాటికి వాడిన నీళ్ళని వడగట్టి మళ్ళీ వాడే తొట్లు ఉంటాయి. ఇంకో ముఖ్యమైన తేడా, ఇంటి ముందు కారిన సబ్బునీళ్ళు వీధి వానకాలవలోంచి శుద్ధి లేకుండా నేరుగా వాగులోకి పోతాయి. కార్ వాష్ నీళ్ళు మురుగునీటి శుద్ధి కేంద్రానికి పోతాయి. 2014 కరువులో కాలిఫోర్నియా మూత లేని గొట్టంతో కారు కడిగితే రోజుకి 500 డాలర్ల దాకా జరిమానా అంది. 2024లో బెంగుళూరు తాగేనీళ్ళతో కారు కడిగితే 5,000 రూపాయలంది. బకెట్టూ గుడ్డతో కడిగేవాడికి మాత్రం ఈ తప్పు అంటదు.

ఆ మాటకొస్తే నెలవారీ చందా అమెరికా కనిపెట్టిందేమీ కాదు. హైదరాబాదు అపార్టుమెంటుల్లో తెల్లవారుజామున బకెట్టూ గుడ్డా పట్టుకుని వరసగా కార్లు తుడుచుకుంటూ పోయే మనిషి ఉంటాడు. నెలకు కారుకింత. వానొచ్చినా, కారు ఊళ్ళో లేకపోయినా అంతే. అచ్చం ఇదే ఒప్పందం. ఒకే గుడ్డతో ఇరవై కార్లు తుడుస్తాడు కాబట్టి గీతలు కూడా ఇవే. తేడా అల్లా, ఆ డబ్బు ఆ మనిషి ఇంటికి పోతుంది. పండక్కి ఇంకో వంద అడుగుతాడు. దసరాకి కారు కడిగి, బొట్టు పెట్టి, నిమ్మకాయలు తొక్కించే రోజున మనం కూడా కాదనలేం. ఇక్కడ గేటుకి ఆ మొహమాటం లేదు. చందా మానాలన్నా గేటుతో చెప్పలేం, ఫోనులో మూడు మెట్లు దిగి వెతుక్కోవాలి.

లెక్క

ఇక తేల్చుకుందాం. ఒకసారికి 12 డాలర్లు, నెల చందా 25 అనుకోండి. ఏడాదికి చందా 300, అంటే 25 సార్లు కడిగించుకుంటే సరికి సరి. మామూలు మనిషి చలికాలం నాలుగు నెలలూ నెలకు రెండుసార్లు, మిగతా ఎనిమిది నెలలూ ఒక్కోసారి వెళ్తాడు. మొత్తం 16 సార్లు, 192 డాలర్లు. చందా కట్టినవాడు 108 డాలర్లు వదులుకున్నట్టే. అదే మనిషి ఉప్పు చల్లే నాలుగు నెలలూ వారం వారం వెళ్ళాడనుకోండి. ఆ నాలుగు నెలలకే చందా కట్టి, తర్వాత మానేసి, మిగతా నెలల్లో ఒక్కోసారి ఇచ్చుకుంటే 196 డాలర్లు. చందా లేకుండా అన్నిసార్లూ వెళ్తే 288. ఇక్కడ చందా నిజంగా గెలిచింది. టాక్సీ నడిపేవాళ్ళకి, ఇళ్ళు అమ్మేవాళ్ళకి, కారు ముఖమే వ్యాపారమైన ఎవరికైనా ఏడాది పొడుగునా గెలుస్తుంది.

మీ దగ్గర ధరలు వేరుగా ఉంటాయి. పద్ధతి మాత్రం ఇదే. అయితే ఒక్క షరతు. సార్లు లెక్కపెట్టేటప్పుడు చందా ఉంటే ఎన్నిసార్లు వెళ్తానో అని కాదు, లేకపోతే నిరుడు నిజంగా ఎన్నిసార్లు వెళ్ళానో అది వేసుకోవాలి. కార్డు స్టేట్‌మెంటు అబద్ధం చెప్పదు.

కాబట్టి ఉప్పు ఉన్న ఊరు, ఆరుబయట నిలిపే కారు, చలికాలం: అడుగు జల్లు ఉన్న ప్యాకేజీతో చందా కట్టండి, రోడ్డు మీద తెల్లదనం పోగానే మానేయండి. ఉప్పు లేని ఊరు, గ్యారేజీలో ఉండే కారు: అవసరమైనప్పుడు ఒకసారికి డబ్బిచ్చి కడిగించుకోండి. ముచ్చటపడి కొన్న నల్లకారు: రెండు బకెట్లు, మెత్తటి గుడ్డలు, ఆదివారం పొద్దున్న ఓ గంట. షికాగోలో నీళ్ళపళ్ళెం దగ్గర పావలా డాలరు ఇచ్చినవాడు బురద వదిలించుకోవడానికే ఇచ్చాడు, వదిలించుకుని పోయాడు. మనం కూడా ముందు కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఏం వదలాలో చూసుకుని, దానికే డబ్బిస్తే చాలు.